పిల్లల్ని పడుకోబెట్టే డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయి ఇంకా నెల కూడా కాలేదు. మొన్న స్కూల్లో సంతాపసభ పెట్టారు. ఫోటోకి దండేసి, మైకు ముందు నిలబడి మా కరస్పాండెంటు గారు "వారు పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన మహానుభావులు" అన్నారు. నేను రెండో వరసలో కూర్చుని పళ్ళు నూరుకున్నాను. క్రమశిక్షణ ఏంటండీ, క్రమశిక్షణ! ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మనిషి మనల్ని అడిగింది ఒక్కటే. పిల్లల్ని రాత్రిపూట పడుకోనివ్వండి బాబూ అని. ఆ మాట సభలో ఒక్కళ్ళు ఎత్తితే ఒట్టు. పూలు చల్లారు, సమోసా తిన్నారు, వెళ్ళిపోయారు.

అందుకని నేను చెప్తున్నాను. నేనేదో ఆయన శిష్యురాలినని అనుకునేరు. కాదు. నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే రోడ్డు మీద ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. పదో తరగతి నా నెత్తిన ఉంటుంది. స్కూల్లో ఆయనతో అందరికంటే ఎక్కువ పోట్లాడింది నేనే.

ఆరడుగుల మనిషి. తెల్ల ప్యాంటు, మెళ్ళో విజిలు. విజిలు అలంకారానికే, ఆ గొంతుకి దానితో పనిలేదు. ప్రేయర్లో ఆయన "అటెన్షన్" అంటే రోడ్డవతల టీకొట్టువాడు కూడా ఒక్క క్షణం ఆగి నిలబడేవాడు. ప్రేయర్ అయ్యాక పిల్లల వరసల మధ్య నడుస్తూ, ఎవరో ఒకళ్ళ గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పేవారు.

"కళ్ళు చూపించు. ఏంట్రా ఇది, కుంకుమ పోసుకొచ్చావా?"

"చదువుకున్నాను సార్."

"ఫోన్లో చదువుకున్నావా, పుస్తకంలోనా?"

వాడు తల దించుకునేవాడు. వెనక వరసలో కిసుక్కున నవ్వులు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. నిద్ర సంగతి వస్తే ఆయనకి హాస్యం అంటే ఏంటో తెలిసేది కాదు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ఫోన్లు మళ్ళీ అమ్మానాన్నల చేతికి తిరిగి వెళ్ళలేదని, అక్కడే మొదలైందని ఆయన వాదన. పిల్లలు పడుకునే చోట ఫోను ఉండకూడదని వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. వీళ్ళేం తక్కువ తిన్నారా? అలారం కోసం సార్ అనేవాళ్ళు.

"మీ ఊళ్ళో కోళ్ళు లేవురా?" అని అరిచారు ఒకసారి.

"అన్నీ బ్రాయిలర్లే సార్. కుయ్యవు" అన్నాడు ఒక గడుగ్గాయి. ఆరోజు టీచర్లం కూడా నవ్వాపుకోలేకపోయాం. ఆయన మొహం చిన్నబుచ్చుకుని గ్రౌండు వైపు వెళ్ళిపోయారు.

ఇక మా పోట్లాట సంగతి. గోడ మీద టైంటేబుల్లో పదో తరగతికి వారానికి రెండుసార్లు గేమ్స్ అని రాసి ఉంటుంది. అది తనిఖీకి వచ్చేవాళ్ళు చూసుకోవడానికి. ఆ పీరియడ్ లెక్కల టీచరుదని ఏ స్కూల్లో అడిగినా చెప్తారు. సిలబస్ ఎక్కడవుతుందండీ లేకపోతే? నేనూ ఏళ్ళ తరబడి దర్జాగా తీసుకుంటూనే ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం చాక్‌పీసులు పట్టుకుని క్లాసుకి వెళ్తే గది ఖాళీ. గ్రౌండులో లేరు. వెతుక్కుంటూ స్కూలు వెనక్కి వెళ్తే, మామిడిచెట్ల నీడలో ఈతచాపలు పరిచి, పదో తరగతి పదో తరగతంతా పడుకుని ఉంది. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. మధ్యలో ఈయన, చెప్పులు చేత్తో పట్టుకుని, ఒట్టికాళ్ళతో నడుస్తున్నారు. నన్ను చూసి నోటి మీద వేలేసుకున్నారు.

"మాస్టారూ, ఇది బడా, సత్రమా?" అన్నాను.

"సత్రమే అనుకోండి మేడం గారూ. కాస్త మెల్లగా."

"త్రికోణమితి మొత్తం మిగిలిపోయింది నాకు. లేపండి వీళ్ళని."

"లేపితే మాత్రం ఎవరికి చెప్తారు? నిన్న మీ క్లాసు కిటికీలోంచి చూశాను. సగంమంది కళ్ళు తెరుచుకునే పడుకున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా క్లాసులో పిల్లలు నిద్రపోతున్నారని నా మొహం మీదే అంటాడా! పగలు పడుకోబెట్టి అలవాటు చేస్తే రాత్రిళ్ళు ఇంకా మేలుకుంటారు, ఆ మాత్రం తెలీదా అని దులిపేశాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"అది నిజమేనండీ. అందుకే అరగంటకే లేపేస్తాను. పడుకోవాల్సింది రాత్రే. కానీ రాత్రి నా చేతిలో లేదు కదా. నా చేతిలో ఉన్నది ఈ పీరియడ్ ఒక్కటే. ఇదీ మీరు లాక్కుంటే నేనేం చేసేది చెప్పండి?"

నేను విసవిసా వచ్చేసి కరస్పాండెంటు గారికి చెప్పేశాను. ఆయనకి అప్పటికే తల్లిదండ్రుల ఫోన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. ఫీజులు కట్టేది మా పిల్లల్ని పడుకోబెట్టడానికా అని వాళ్ళ గోల. దానికి తోడు డ్రిల్లు మాస్టారు రాత్రి భోజనాలవేళ ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి "పిల్లాడు పడుకున్నాడా?" అని అడిగేవారు. లేదంటే, "ముందు మీరు టీవీ కట్టేసి పడుకోండి, వాడు పడుకుంటాడు" అని సలహా. చివరికి సగంమంది ఆయన నంబరు బ్లాక్ చేసేశారు. మా ఇంట్లో టీవీ ఎప్పుడు కట్టాలో చెప్పడానికి ఈయనెవరండీ అని ఒకావిడ స్కూలుకే వచ్చి యుద్ధం చేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముందని నాక్కూడా అనిపించింది. మంచి మాటైనా చెప్పే పద్ధతంటూ ఒకటుంటుంది కదా. ఆయనకి ఆ పద్ధతి చచ్చినా రాలేదు.

మా వైపు ఇంకో జబ్బుంది. తెల్లారుజామున లేపి చదివించడం. ఆ వేళ చదివింది బుర్రకెక్కుతుందని గట్టి నమ్మకం. మేమూ అలాగే చదివాం కాబట్టి మా పిల్లలూ అలాగే చదవాలి. కాకపోతే మేం చీకటి పడగానే తిని పడుకునేవాళ్ళం, ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు. ఒక పేరెంట్స్ మీటింగులో ఒక తల్లి ఎంత మురిసిపోతూ చెప్పిందో.

"మా అమ్మాయి నాలుగింటికే లేచి కూర్చుంటదండీ. ఫ్లాస్కులో టీ పోసి పక్కన పెడతాను."

"పడుకునేది ఎప్పుడమ్మా?" అన్నారు మాస్టారు.

"పదకొండు, పన్నెండు అవుద్దండీ. హోంవర్కు ఉంటది కదా. నేనూ దాంతోపాటే కూర్చుంటాను పాపం."

"మరి మీకు పగలు కునుకు పడుద్దా?"

"అన్నం తిన్నాక ఓ గంట పడుకుంటానండీ. లేకపోతే పనెక్కడ చేస్తాను?"

"మరి ఆ గంట మీ పిల్లకి ఎవరిస్తున్నారమ్మా?"

ఆవిడ మొహం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నా క్లాసులో మొదటి బెంచీ. చెయ్యి బుగ్గకి ఆనించుకుని బోర్డు వైపే చూస్తుండేది. ఏ ప్రశ్న అడిగినా ఉలిక్కిపడి లేచి నిలబడేది.

అదే మీటింగుకి చందు వాళ్ళ నాన్న వచ్చాడు. చందు అంటే వెనక బెంచీ, అల్లరి చెయ్యడు, మాట్లాడడు, ఎప్పుడు చూసినా కళ్ళు ఎర్రగా ఉంటాయి. వాళ్ళ నాన్న మామిడితోటలు కౌలుకి పట్టి కాపు అమ్ముకుంటాడు. పూత నిలిచి పిందె పడ్డాక ఇక ఆ మనిషి ఇంట్లో ఉండడు. ఆ యేడు చుట్టుపక్కల తోటల్లో మోటార్ల వైర్లు కోసుకుపోతున్నారు. తోట ఎండిపోతే కాపు పోయినట్టే. అందుకని రాత్రి కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. కాపలాకి ఎవర్ని పెట్టాడో తెలుసా? చందుని. పదో తరగతి పరీక్షలు ముందు పెట్టుకుని!

"అదేంటయ్యా?" అని నేనే అడిగాను.

"ఏం చెయ్యమంటారండీ మేడం. ఎలాగూ తెల్లవార్లూ ఆ ఫోను పట్టుకుని మేలుకునే ఉంటన్నాడు. తిట్టాను, కొట్టాను, వినడు. ఊరికే ఇంట్లో మేలుకునే బదులు తోటలో మేలుకుంటే మనకో మనిషి కలిసొస్తాడని పంపుతున్నాను."

గదిలో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. ఆ తండ్రి వెటకారంగా ఏం అనలేదు. ఇంట్లో ఏదీ వృథాగా పోనివ్వని మనిషి, కొడుకు మెలకువ మాత్రం ఎందుకు పోనిస్తాడు? డ్రిల్లు మాస్టారు ఒక్కరే నవ్వలేదు. లేచి అతని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశారు.

"పరీక్షలయ్యేదాకా మీ తోట నేను చూస్తానయ్యా. వాణ్ణి ఇంటి దగ్గర పడుకోనివ్వు."

"మీరెందుకండీ మాస్టారూ, పెద్దవారు."

"నాకు రాత్రిళ్ళు వేరే పనేముంది? నువ్వు మాత్రం వాణ్ణి పడుకోనివ్వు."

అతను కాసేపు మొహమాటపడ్డాడు. తర్వాత సరేనన్నాడు. ఊరికే వచ్చిన కాపలావాణ్ణి ఎవరొద్దంటారు చెప్పండి? అలా మా డ్రిల్లు మాస్టారు, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, బీపీ ఉన్న మనిషి, సాయంత్రం కాగానే క్యారేజీ, బ్యాటరీ లైటు పట్టుకుని టీవీఎస్ మీద చందు వాళ్ళ తోటకి పోవడం మొదలుపెట్టారు. స్కూలంతా చెప్పుకుని నవ్వుకుంది. ఆయన పట్టించుకుంటేనా!

తమాషా ఏంటంటే, చందు కళ్ళ ఎరుపు తగ్గలేదు. వారం చూశాను, ఇంకో వారం చూశాను. నా క్లాసులో వాడు అదే వాలకం. అనుమానం వచ్చి, మా స్కూల్లోనే ఏడో తరగతి చదువుతున్న వాళ్ళ చెల్లిని పిలిచి అడిగాను.

"అన్నయ్య రాత్రి పడుకుంటున్నాడా?"

"దుప్పటి కప్పుకుంటాడు మేడం. లోపల ఫోను చూస్తాడు. నాన్నకి చెప్తే నన్ను కొడతానన్నాడు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ సాయంత్రం ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా మాస్టారింటికి ఆటో ఎక్కాను. ఆయన అప్పటికే వెళ్ళిపోయారు. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చారు.

"చెప్తే వింటారా అమ్మా ఆయన? మీరైనా చెప్పండి. ఇదుగో, బీపీ మాత్రలు కూడా ఇక్కడే పెట్టి పోయారు. తోటకి వెళ్ళేట్టయితే ఇచ్చేయండి" అని మాత్రల అట్ట నా చేతిలో పెట్టారు.

అదే ఆటోలో తోటకి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. మోటారు షెడ్డు పక్కన నవారుమంచం మీద కూర్చుని ఆయన పెరుగన్నం తింటున్నారు. నన్ను చూసి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు.

"ముందు కూర్చోండి మాస్టారూ" అన్నాను. "మీరు ఎవరి కోసమైతే ఇక్కడ పడిగాపులు కాస్తున్నారో, వాడు ఇంట్లో పడుకోవట్లేదు. దుప్పట్లో దూరి ఫోను చూస్తున్నాడు. మీరిక్కడ కాయలకి కాపలా, వాడక్కడ ఫోనుకి కాపలా! ఇద్దరికీ నిద్ర లేకుండా పోయింది. సంతోషమేనా?"

ఆయన క్యారేజీ మూత పెట్టేశారు. అన్నం సగం కూడా తినలేదు. నేనిచ్చిన మాత్ర నీళ్ళు లేకుండానే మింగేశారు. ఇంత మాట అన్నానేంటా అని నాకే అనిపించింది. అయినా అనకపోతే ఎలా?

"నాదే తప్పు మేడం" అన్నారు చివరికి. "తీసుకెళ్ళి ఇంట్లో వదిలేసి, పడుకో అంటే ఎలా పడుకుంటాడు? వాడికి పడుకోవడం రాదు."

"పడుకోవడం రాకపోవడం ఏంటండీ! చంటిపిల్లలు పడుకోవట్లేదా?"

"వచ్చేది. మర్చిపోయాడు. ఆ ఫోను చేతికొచ్చినప్పటి నుంచీ మర్చిపోయాడు. మళ్ళీ నేర్పాలి. డ్రిల్లు నేర్పినట్టే, రోజూ ఒకే వేళకి, ఒకే పని."

"పరీక్షలు నెత్తి మీదకొచ్చాయి మాస్టారూ. ఇప్పుడు మీరు వాడికి ఆవలించడం నేర్పుతూ కూర్చుంటారా?" అని కసిరాను. ఆయన నవ్వారు. నిద్ర సంగతి మాట్లాడుతూ ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. నాకు మాత్రం నవ్వు రాలేదు. మీకేం చెప్పీ లాభం లేదండీ అనేసి ఆటో ఎక్కాను.

మర్నాటి నుంచి ఆయన చందుని కూడా తోటకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఫోను వాళ్ళమ్మకి ఇచ్చి రావాలి. చీకటి పడగానే అన్నం. తర్వాత ఇద్దరూ కలిసి బ్యాటరీ లైటుతో తోట చుట్టూ ఒక తిరుగుడు. కాళ్ళు కడుక్కుని చందు మంచమెక్కాలి. మాస్టారు కుర్చీలో కూర్చుంటారు. మాట్లాడకూడదు. ఇదంతా చందు నాకు తర్వాతెప్పుడో చెప్పాడు.

"నిద్ర రావట్లేదు సార్ అంటే, 'రాకపోతే రాకపోనీ, నువ్వు కళ్ళు మూసుకుని పడుకో, దాని పని అది చూసుకుంటది' అనేవారండీ. మొదట్లో భలే కోపం వచ్చేది మేడం. పారిపోదామనుకున్నాను. ఒకరోజైతే ఏడ్చేశాను. చేతులు ఊరికే ఫోను కోసం వెతికేవి. నాకేదో అయిపోతోంది సార్ అన్నాను."

"ఏమన్నారు మరి?"

"'ఏం కాదురా, నేనున్నాను కదా' అన్నారండీ. అంతే. ఇంకేం అనలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు."

ఎప్పుడు నిద్ర పట్టడం మొదలైందో వాడికే తెలీదట. ఒకరోజు కళ్ళు తెరిస్తే తెల్లగా తెల్లారిపోయి ఉందట. చిలకలు కొరికి పడేసిన పిందెలు మంచం మీదే పడి ఉన్నాయట. మాస్టారు మోటారు ఆన్ చేసి పళ్ళు తోముకుంటున్నారట. ఆరోజు క్లాసులో నేను లెక్క చేస్తుంటే వెనక నుంచి "మేడం, ఆ మూడో స్టెప్పు ఎలా వచ్చింది?" అని వినిపించింది. ఎవరా అని తిరిగి చూస్తే చందు. ఆ గొంతు నా క్లాసులో నేను వినడం అదే మొదలు. నాకు ఎంత ఆశ్చర్యమేసిందంటే, చాక్‌పీసు కింద పడేసుకున్నాను.

ఇక్కడితో కథ సుఖాంతం అయితే బాగుండేది. చందుకి స్కూల్ ఫస్టు వచ్చి, పేపర్లో ఫోటో పడి, మా కరస్పాండెంటు గారు ఆ ఫోటో ఫ్లెక్సీ మీద వేయించి ఉంటే డ్రిల్లు మాస్టారు మాట నెగ్గేది. అలా ఏం జరగలేదు. వాడు పాసయ్యాడు. లెక్కల్లో అత్తెసరు మార్కులు. ఏళ్ళ తరబడి పోయిన చదువు కొన్నాళ్ళు పడుకుంటే తిరిగొస్తుందా ఏంటి? వాడు మామూలు పిల్లాడయ్యాడు, అదే గొప్ప. కానీ మామూలు పిల్లాడిని ఫ్లెక్సీ మీద ఎవరేస్తారు?

"చూశారుగా మేడం, మాస్టారు పడుకోబెట్టి పడుకోబెట్టి తెచ్చిన మార్కులు" అన్నారు కరస్పాండెంటు గారు నాతో.

మరుసటి యేడు పదో తరగతికి రాత్రి స్టడీ అవర్స్ పెట్టారు. చీకటి పడ్డాక కూడా పిల్లలు బెంచీల మీదే. టైంటేబుల్లో గేమ్స్ అన్న ముక్క కూడా తీసేశారు. ఈతచాపలు పాత సామాన్ల గదిలో పడేశారు. మాస్టారికి బస్సుల డ్యూటీ వేశారు. గేటు దగ్గర నిలబడి ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో చూసుకోవడం! నేను వెళ్ళి కరస్పాండెంటు గారితో గొడవపెట్టుకున్నాను. నా పీరియడ్లలో రెండు ఆయనకి ఇచ్చేస్తాను, పిల్లల్ని ఆయనకి వదలండి అన్నాను. "మీక్కూడా అంటుకుందా మేడం?" అని నవ్వారు. రాజీనామా చేసి మొహాన కొడదామనుకున్నాను. ఇంటి లోను గుర్తొచ్చి ఊరుకున్నాను.

రిటైరయ్యేదాకా ఆయన ఆ గేటు దగ్గరే ఉన్నారు. బస్సు దిగుతున్న పిల్లల గడ్డాలు పట్టుకుని కళ్ళు చూస్తూనే ఉండేవారు. పిల్లలు తప్పించుకుని రెండో గేటు నుంచి పోయేవాళ్ళు.

మొన్న మామిడికాయ సీజను మంచి జోరు మీదున్నప్పుడు, ఒక రాత్రి భోంచేసి కూర్చున్న మనిషి గుండెనొప్పి అన్నారట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. పాత పిల్లల వాట్సప్ గ్రూపులో ఎవరో పెట్టారు. పెట్టిన పది నిమిషాల్లో గ్రూపు నిండా దండాలు, ఏడుపు బొమ్మలు. అర్ధరాత్రికే బళ్ళేసుకుని పాతిక మంది వాళ్ళింటి ముందున్నారు. అందరూ మేలుకునే ఉన్నారు కదా మరి! ఒక్కడంటే ఒక్కడు పడుకుని లేడు. నేను వెళ్ళేసరికి అరుగు మీద వరసగా కూర్చుని, ఒక్కొక్కడి మొహం మీద ఫోను వెలుతురు. నాకు వాళ్ళని చూసి ఏడుపొచ్చింది, లాగి లెంపకాయ కొట్టాలనీ అనిపించింది.

ఎండలు మండిపోతున్నాయని, తెల్లవారాక ఎక్కువసేపు ఉంచకుండా తీసుకెళ్ళిపోయారు. పిల్లలే పాడె మోశారు. అంతా అయిపోయి, మగవాళ్ళు స్నానాలు చేసి తిరిగొచ్చి, ఇల్లు కడుగుతున్న వేళకి వీధి మొగలో బైకు ఆగింది. చందు దిగాడు. ఇప్పుడు మైలవరంలో డిగ్రీ చదువుతూ, సీజన్లో వాళ్ళ నాన్నకి తోడు తోటలు చూసుకుంటున్నాడు. చేతిలో గులాబీల దండ ఉంది. తడిసిన వాకిలి చూసి ఆగిపోయాడు.

"ఇప్పుడారా వచ్చేది?" అని లేచాడు వాళ్ళ క్లాసువాడే ఒకడు. "నీ కోసం తోటలో రాత్రిళ్ళు కూర్చున్న మనిషిరా ఆయన! ఎన్నిసార్లు చేశాం నీకు? స్విచ్చాఫ్!"

"రాత్రి ఆపేసి పడుకుంటాను కదరా" అన్నాడు చందు. "పొద్దున తోటకెళ్ళొచ్చి ఆన్ చేశాను. అప్పుడు చూశాను."

"సిగ్గులేదూ చెప్పుకోడానికి! మేమంతా రాలేదా?"

"నోరు ముయ్యండిరా!" అని అరిచాను నేను. వీధంతా నావైపే చూసింది. ఇంకా ఏదో అనాలి, ఇంతమందిలో ఆయన మాట విన్నది వీడొక్కడేరా అని అనాలి. అనకుండానే అరుగు మీద కూలబడ్డాను. ఎవరి మీద కోపమో కూడా తెలీని కోపం. ఆఖరికి ఆయన మీద కూడా. ఇంతమంది మేలుకుని ఆయన్ని మోసి సాగనంపితే, ఆయన పడుకోవడం నేర్పిన ఒక్కగానొక్క పిల్లాడికి కడసారి చూపు దక్కలేదు. ఇదేం న్యాయమండీ?

చందు దండ పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలీక వాకిట్లోనే నిలబడిపోయాడు. లోపలి నుంచి మాస్టారి భార్య పిలిచారు.

"చందూ, ఇలా రా నాన్నా."

వాడు గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నారు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. వాణ్ణి దగ్గరికి రమ్మని, గడప ఇవతల కూర్చోబెట్టి, మొహంలోకి కాసేపు చూశారు.

"రాత్రి బాగా నిద్ర పట్టిందా నాన్నా?"

వాడు తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న దండ వైపే చూస్తూ, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలాగా చెప్పాడు.

"పట్టిందండీ."